చేతిలో ముక్క ఉంచుకోవద్దన్న బావగారు

పోయిన వారం మా పాత టాబ్లెట్‌లో ఉన్న ఫొటోలన్నీ కొత్త ఫోన్‌లోకి ఎక్కించుకుందామని రాంగోపాల్‌పేట్‌లో ఒక మొబైల్ షాపుకు వెళ్లాను. కౌంటర్ దగ్గరున్నావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, "అంకుల్, ఈ పత్తాల గేమ్ ఒక్కటే సగం జాగా తింటున్నది. ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" అని అడిగింది. ఆ పేకాట తీసెయ్యమ్మా అన్నాను. ఆవిడ వేలు పెట్టగానే ఆ బొమ్మ ఒక్కసారి వణికి మాయమైపోయింది. ఆటో ఎక్కి సీతాఫల్‌మండి చేరేదాకా నా మనసు మాత్రం ఆ ఆట చుట్టూనే తిరిగింది. ఇంటికొచ్చాక ఆ రోజు డైరీలో ఆ ముక్క ఒక్కటే రాసి ఆపలేకపోయాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నగారు చర్చిలో సంఘపెద్ద. కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన కుటుంబం మాది, ఉదయం ప్రార్థన, రాత్రి ప్రార్థన, మధ్యలో చదువు, అంతే జీవితం. ఇంట్లో పేకముక్క కనిపిస్తే దయ్యం కనిపించినంత గొడవ జరిగేది. అటువంటి ఇంట్లో పుట్టిన నాకు రమ్మీ నేర్పినవారు మా అక్కను చేసుకున్న బావగారు. ఆయన లెక్కల మాస్టారు. నేను కొత్తగా గుమస్తా ఉద్యోగంలో చేరిన రోజులవి. అక్కావాళ్లు మా ఇంటికి రెండు వీధుల అవతల అద్దె వాటాలో ఉండేవారు. ఆదివారం ఆరాధన అయి, భోజనాలయ్యాక నాన్నగారు కునుకు తీసే సమయానికి నేను మెల్లగా అక్కడికి జారుకునేవాణ్ణి. బావగారు చాప పరిచి, పాటల పుస్తకాల అడుగు నుంచి పేక తీసేవారు. అంత భద్రమైన చోటు ఇంకోటి లేదని ఆయన నమ్మకం. అక్క చేట పట్టుకుని బియ్యం ఏరుతున్నట్టు గుమ్మంలో కూర్చునేది గానీ ఆమె కళ్లు వీధి మలుపు మీదే ఉండేవి. "ఒరేయ్, నాన్న! ముక్కలు దాచండి!" అని ఆమె ఉత్తుత్తినే కేక వేయడమూ, మేమిద్దరం కంగారుగా చాప మడిచేయడమూ, ఆమె పమిట నోట్లో కుక్కుకుని నవ్వడమూ ఎన్ని ఆదివారాలు జరిగాయో.

బావగారు నాకు నేర్పిన మొదటి సూత్రం బరువు దించుకోమని. "కలవని రాజునీ రాణినీ పట్టుకుని వేలాడకురా. అవతలివాడు ముందే ఆట ముగించి షో కొట్టాడంటే, నీ చేతిలో మిగిలిన ఆ కౌంట్ అంతా నీ నెత్తిమీదే. దించెయ్, పారెయ్" అనేవారు. మీలో రమ్మీ ఆడినవారికి ఈ మాట కొత్త కాదు. ఆ మాట నాలో ఎంత లోతుగా దిగిందంటే, ఆఫీసులో కూడా ఫైలు బల్లమీద నిలిస్తే నాకు ఊపిరాడేది కాదు. సాయంత్రానికి బల్ల ఖాళీగా ఉంటే తప్ప ఇంటికి కదిలేవాణ్ణి కాదు. పై అధికారులు మెచ్చుకుంటే, ఇది మా బావగారి దగ్గర పేకాటలో నేర్చుకున్నానని మనసులో నవ్వుకునేవాణ్ణి.

తర్వాత కాలంలో వాళ్లు యాప్రాల్‌లో ఫ్లాటు కొనుక్కుని వెళ్లిపోయారు. అక్క పోయింది. ఆమె పోయాక కొన్నాళ్లు బావగారికీ నాకూ మధ్య ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. మాటలన్నీ ఆమె ద్వారానే నడిచేవని అప్పుడే అర్థమైంది. ఆయనకు మోకాళ్లు, నాకు బస్సుల తిప్పలు. అప్పుడు మా మేనకోడలు ఒక ఉపాయం చేసింది. తన తండ్రి టాబ్లెట్‌లోనూ నా టాబ్లెట్‌లోనూ ఈ పేకాటలాంటి ఆట ఒకటి ఎక్కించి, "మావయ్యా, రోజూ సాయంత్రం టీ తాగాక ఇద్దరూ దీంట్లో కలుసుకోండి" అంది. ఆ పిల్ల చేసిన ఆ మేలు నేను ఎప్పటికీ మరచిపోలేను. బావగారు అందులో నాకంటే ముందే ఆరితేరారు. నియమాలు ఆయనే ఫోన్‌లో చెప్పారు, మళ్లీ ఆయనే గురువు, నేనే శిష్యుణ్ణి. ఆ సాయంత్రాలు లేకపోతే అక్క తరఫు చుట్టరికం నాకు ఎప్పుడో తెగిపోయి ఉండేది. అందుకే ఆ ఆట నాకు ఆట కంటే చాలా పెద్దది.

ఆడనివారి కోసం ఆట సంగతి కొంచెం చెబుతాను. ఇస్పేటు, కళావరు ఉండవు, సైనికులూ మంత్రాలూ ఉన్న బొమ్మ ముక్కలు. ఇద్దరికీ సమానంగా ప్రాణాలుంటాయి. వంతు వచ్చినప్పుడల్లా కట్టలోంచి ఒక్కొక్క కొత్త ముక్క చేతికి వస్తుంది. సైనికుల్ని బల్లమీదికి దించి ఎదుటివాడి ప్రాణాలు తగ్గించాలి, మంత్రాలతో ఎదుటివాడి సైనికుల్ని కూల్చాలి. నేను నా పాత పద్ధతిలోనే ఆడాను. ముక్క రాగానే దించేసేవాణ్ణి. బల్లమీద నాలుగైదుగురు సైనికులు బారుగా నిలబడితే నాకు ఎంతో ముచ్చటగా ఉండేది. అంతలో బావగారు ఒక నిప్పుల వాన మంత్రం వేసేవారు, అందరూ ఒక్కసారే కాలిపోయేవారు. ఆపైన వచ్చిన ఒక్క ముక్కా వచ్చినట్టే వేసుకుంటూ, మెల్లగా, తప్పకుండా ఓడిపోయేవాణ్ణి.

ఓడగానే ఫోన్ మోగేది.

"ఏరా, చేతిలో ఏమన్నా మిగిలాయా?"

"ఒక్కటి కూడా లేదు బావగారూ. అన్నీ దించేశాను."

"శభాష్! అదీ ఆటంటే. ముక్కలు పడలేదు అంతే, నీ తప్పేం లేదు. రేపు చూసుకుందాం."

ఆ శభాష్ కోసం నేను ఎదురుచూసేవాణ్ణి, దాచడమెందుకు. ఓడినా సరే, ఆయన చెప్పినట్టే ఓడుతున్నాననే తృప్తి ఉండేది. ఏళ్ల తరబడి డైరీలో ఆట ఫలితం పక్కన "ముక్కలు కలిసిరాలేదు" అని రాసుకుంటూ వచ్చాను. ఎప్పుడో ఒకసారి గెలిస్తే ఆయన మర్నాడు వేరే కట్ట పేర్చుకుని వచ్చేవారు, అది కూడా నాకు గౌరవంగానే తోచేది. నేను తిండి మానేసి ఆలోచిస్తున్నానని మా ఆవిడ సణిగేది. "మీ బావగారిని అడగరాదూ, ఎక్కడ తప్పుతున్నారో" అంటే, ఆయనకు తెలిస్తే ఈపాటికి చెప్పి ఉండరా అనేవాణ్ణి. లెక్కలు రాని పిల్లల్ని సెలవు రోజుల్లో ఇంటికి పిలిచి, అక్క చేతి ఉప్మా పెట్టి మరీ పాఠం చెప్పిన మనిషి ఆయన. నాకు చెప్పకుండా దాస్తారని ఎలా అనుకుంటాను?

ఒక శనివారం అక్క ఫొటోకి కొత్త ఫ్రేము కట్టించి, జ్ఞాపకార్థ కూడికకి ముందే ఇచ్చి వద్దామని చెప్పాపెట్టకుండా యాప్రాల్ వెళ్లాను. మేనకోడలు ఇంట్లో లేదు. బావగారు కింద కమ్యూనిటీ హాల్లో ఉన్నారని వాచ్‌మన్ చెప్పాడు. వెళ్లి చూస్తే అక్కడ పెద్దవాళ్లు చాలామంది కూర్చుని ఉన్నారు, మా బావగారు ముందు నిలబడి పాఠం చెబుతున్నారు. ఎన్నాళ్లయిందో ఆయన్ని అలా చూసి! నాకు నిజంగా సంతోషమైంది. ఫొటో ఒళ్లో పెట్టుకుని వెనక కుర్చీలో సర్దుకున్నాను.

బల్లమీద పళ్లెంలో ఉస్మానియా బిస్కెట్లు. ఇటు మూడు, అటు ఒకటి పేర్చి ఆయన మా టాబ్లెట్ ఆట గురించే చెబుతున్నారు. ఆటంతా ఇందులోనే ఉంది, చూడండి. వీడు ఆవేశంగా మూడు దించాడు. నేను ఒక్కటి వేశాను, మూడూ పోయాయి. (మూడు బిస్కెట్లూ తీసి ముందు వరసలో పంచేశారు, అందరూ నవ్వారు.) ఇప్పుడు నా చేతిలో వాడికంటే రెండు ముక్కలు ఎక్కువ. ముక్క ఎక్కువుంటే దారి ఎక్కువుంటుంది. వాడు వచ్చిన ముక్కే వేయాలి, నేను ఏరుకుని వేస్తాను. అందుకని అవసరమైనంతే దించండి, మిగతాది చేతిలో పట్టుకోండి. మన ఒక్క ముక్కకి ఎదుటివాడివి రెండు పోయేట్టు చూసుకోండి. రెండు కొత్త ముక్కలు తెచ్చిపెట్టే ముక్క దొరికితే వదలకండి. రమ్మీ బుద్ధితో బరువు దించుకునేవాడు దీంట్లో ఎప్పటికీ బాగుపడడు.

అంత స్పష్టంగా, అంత తేలిగ్గా. నాకు ఏళ్ల తరబడి అందని విషయం ఆ నాలుగు బిస్కెట్లతో అక్కడికక్కడే బుర్రకెక్కింది. 

"నమూనాకి మా బామ్మర్ది ఒకడున్నాడు" అన్నారు బావగారు. "బంగారంలాంటివాడు. చేతిలో ముక్క నిలవనివ్వడు. ఖాళీ చెయ్యి చూపించి ప్రైజు వచ్చినంత సంబరపడతాడు."

ముందు వరసలో ఒకాయన నవ్వాపుకోలేక, "అయితే రోజు ఓడుతడా సార్?" అన్నాడు.

"రోజూ. ఓడి, నాకే థాంక్స్ చెబుతాడు."

"అరె, పాపం! జెర చెప్పరాదు సార్ ఆయనకు."

"చెబితే నాకు సాయంత్రం టీ ఎలా దిగుతుందయ్యా!"

హాలంతా గొల్లుమంది. పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ నవ్వుతూ నావైపు తిరిగి, నేను కూడా నవ్వాలన్నట్టు చూసింది. నేను కూడా నవ్వాను. ఫొటో వాచ్‌మన్ చేతికిచ్చి, మేనకోడలికి అందజేయమని చెప్పి బయటపడ్డాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా ఏ దారిన వచ్చామో చూడలేదు. ఓడిన ఆటలన్నీ ఆ దారిలో గుర్తొచ్చినా అవేవీ నొప్పి పెట్టలేదు. ప్రతి శభాషూ ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చి గుచ్చింది.

ఆ సాయంత్రం మామూలు వేళకే ఆట మొదలైంది. ఇద్దరు సైనికుల్ని దించి ఆగాను. వేలు అలవాటు కొద్దీ మూడో ముక్క మీదికి పోతుంటే రెండో చేత్తో పట్టుకున్నాను. బావగారు కాసేపు చూసి, విసుగొచ్చి నిప్పుల వాన కురిపించారు. ఇద్దరే పోయారు. నా చేతిలో ఇంకా నిండుగా ముక్కలున్నాయి. ఆ తర్వాత ఆయన ఒకటి వేస్తే నేను దానికి తగింది ఏరుకుని వేశాను. చాలాసేపటికి గెలిచాను. ఫోన్ వెంటనే మోగలేదు.

మోగాక, "ఎవరు చెప్పార్రా నీకు?" అన్నారు.

"మీరే చెప్పారు బావగారూ, ఇవాళ హాల్లో. బిస్కెట్లు పెట్టి. వెనక కూర్చున్నాను."

ఫోన్‌లో వెనక ఎక్కడో కుక్కర్ కూత వేసింది.

"ఆట ఆటే కదరా" అన్నారు చివరికి. "ఎవడైనా తన ముక్కలు ఎదుటివాడికి చూపిస్తాడా?"

ఆ మాటకు జవాబు నాకు తెలుసు. గుమ్మంలో అక్కను కూర్చోబెట్టి, చాపమీద ఎదుటివాడై కూర్చుని కూడా నా ముక్కలు తన చేతిలోకి తీసుకుని, వరసలో పేర్చి చూపించింది ఆయనే. కానీ ఆ మాట నా నోట రాలేదు. సరే బావగారూ, ఉంటాను అన్నాను. ఆయన మన్నించమని అడుగుతారేమోనని ఫోన్ కొద్దిసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాను. ఆయన పెట్టేశారు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆడాం. నేను తరచుగా గెలిచాను. గెలిచిన రోజు ఫోన్ రావడం మానేసింది. తర్వాత ఆయన సాయంత్రాలు ఆలస్యంగా రావడం, ఒక్క ఆట ఆడి వెళ్లిపోవడం, ఆ తర్వాత అసలు రాకపోవడం. మేనకోడలు నొచ్చుకుంటూ, "నాన్న ఇప్పుడు కింద హాల్లో వాళ్లతో ఆడుకుంటున్నారు మావయ్యా, కొత్తగా నేర్చుకుంటున్నారు కదా వాళ్లు" అంది. ఓడేవాళ్లు ఆయనకు అక్కడ దొరికారన్నమాట. ఇన్నేళ్లూ ఆయన సాయంత్రాలు వచ్చింది నా కోసమని నేను అనుకున్నాను.

ఈ ఏడాది అక్క జ్ఞాపకార్థ కూడికకి వెళ్లాను. ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర బావగారు తన పక్కన కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు. మోకాళ్ల గురించి, నీళ్ల ట్యాంకర్ల గురించి, మాంసం కూరలో తగ్గిన కారం గురించి మాట్లాడుకున్నాం. ఆట మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన ఏదో అనబోయి నీళ్లు తాగారు. నేనూ ఒక మాట నాలుక చివరిదాకా తెచ్చుకుని మింగేశాను. ఒకప్పుడు ఆఫీసులో తిట్టు పడినా, ఇంట్లో మాట పట్టింపు వచ్చినా దాచుకోకుండా ఆ చాపమీద ఒకరి ముందు ఒకరం పరిచేసుకునేవాళ్లం, లేచేటప్పుడు మనసు ఎంత తేలిగ్గా ఉండేదో. ఇప్పుడు ఇద్దరం ఆట బాగా నేర్చినవాళ్లం, ఎవరి చేతినిండా వారికి ముక్కలున్నాయి, వంతు ఎవరిదో కూడా తెలుసు. వేసేవాళ్లే లేరు.