ఉరకడం మానేసిన పిల్ల

నా బిడ్డకు నాలుగేళ్లు నిండిన రోజున ఎల్లారెడ్డిలో బస్సెక్కించి కామారెడ్డికి తీసుకెళ్లాను. బట్టల దుకాణంలో తెల్ల గౌను కొన్నాను. కిందిదాకా కుచ్చులు, నడుముకు గులాబీ రంగు పట్టీ. అక్కడి నుంచి ఫొటో స్టూడియోకు వెళ్లాం. వెనక రాజమహలు మెట్లు గీసిన పరదా ఉంది. స్టూడియో అతను అట్టకు బంగారు కాగితం అంటించిన కిరీటం పిల్ల తలమీద పెట్టి, "నవ్వు రాజకుమారీ" అన్నాడు. ఆ మాట పిల్లకంటే నాకే ఎక్కువ నచ్చింది.

నేను పుట్టింది గాంధారి దగ్గర పల్లెలో. ఏడేళ్లకే మా అమ్మ వెంట పొలాల్లో కలుపు తీయడానికి పోయాను. అందరూ నన్ను "ఓ పొల్లా" అనే పిలిచేవాళ్లు. ముద్దుగా పిలిచినవాళ్లు నాకు గుర్తు లేరు. నా బిడ్డ కాళ్లకు బురద అంటొద్దని ఆ స్టూడియోలోనే అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో దాన్ని రాజకుమారి అనే పిలిచాను. పొద్దున జడ వేస్తూ రోజుకో కథ చెప్పేదాన్ని. నా కథల్లో రాజకుమారి తెల్లగా ఉంటుంది, మెల్లగా నడుస్తుంది, ఎవరో వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చుంటుంది. నా బిడ్డ మాత్రం అలాంటిది కాదు. జామచెట్టెక్కేది, మా కిరాణం దుకాణం దాకా ఒక్క ఊపున ఉరికేది.

"రాజకుమార్లు గట్ల ఉరుకుతరా బిడ్డా?" అనేదాన్ని.

అది టక్కున ఆగిపోయేది. నా మాట ఎంత బాగా వింటుందో అని మురిసిపోయేదాన్ని.

దానికి ఆరేళ్లప్పుడు, వానాకాలంలో పోచారం చెరువు నిండి అలుగు పోస్తోందంటే అందరం చూడ్డానికి పోయాం. మా ఆడబిడ్డ పిల్లలు పిక్కలలోతు నీళ్లలో దిగి కేకలు పెడుతున్నారు. నా బిడ్డ గౌను కుచ్చులు రెండు చేతులతో ఎత్తిపట్టుకుని బండమీదే నిలబడింది. మా అత్త చేయి చాపి, "దా బిడ్డా, నేను పట్టుకుంట" అంది.

"వద్దవ్వా, నేను ఖరాబైత."

గౌను ఖరాబైతది అనలేదు. మా అత్త నా వైపు తిరిగి, "పొల్లను బొమ్మను జేస్తున్నవు" అంది. నాకు ఒళ్లు మండింది. నా బిడ్డ ముద్దుమురిపాలు ఆమె ఓర్వలేకపోతోందనుకున్నాను.

నా బిడ్డ ఏడో తరగతిలో ఉండగా బడిలో ఆటలు నేర్పే మేడం మా ఇంటికొచ్చింది.

"మొన్న బడికి ఆలస్యమైతదని మీ బిడ్డ ఉరుకుతుంటే చూసిన. గంత తేలికగ ఉరికే పిల్లను నేనింతవరకు చూడలే. కామారెడ్డిల పోటీలున్నయి, పంపుండ్రి అక్కా."

నేను జవాబు చెప్పేలోపే నా బిడ్డ అంది: "ఎండకు నల్లగైత మేడం. కాళ్లు గూడ ఖరాబైతయి. నేను రాను."

ఆ గొంతు నాదే. అన్నీ నేను అన్న మాటలే. మా ఆయన, "ఒక్కసారి పొయ్యి చూడు బిడ్డా" అన్నాడు. అది లోపలికి వెళ్లిపోయింది. మేడం కాసేపు నా మొహం వైపే చూసింది. ఒక్క మాట అంటే చాలు, పిల్ల వెళ్లేది. నేను అనలేదు. నిజం చెప్పాలంటే, నా బిడ్డ ఎంత సుకుమారమో ఆ మేడంకు తెలిసిందన్న గర్వం కూడా ఏ మూలో ఉంది.

నాలుగైదేళ్ల తర్వాత, అది ఇంటర్ చదువుతుండగా, ఒక ఆదివారం ఇద్దరం బట్టలు మడతపెడుతున్నాం. ఉన్నట్టుండి అడిగాను.

"మేడం పిలిచినప్పుడు నీకు పోవాలని లేకుండెనా?"

"ఉండె."

"మరి ఎందుకు పోలే?"

"లోపల తలుపు కాడ నిలబడి ఇన్న. పంపిస్త అంటవేమోనని చూసిన. నువ్వేం అనలే."

ఏదో ఒకటి సరిచేయాలన్న ఆత్రంలో, "ఇప్పుడు ఉరుకుతవా? పొద్దుగాల కాలేజీ గ్రౌండుకు పోదాం, నేను గూడ వస్త" అన్నాను.

అది నవ్వింది. "ఇప్పుడేందమ్మా" అని, మడతపెట్టిన బట్టలు బీరువాలో సర్దడానికి లేచింది. నేను మళ్లీ అడగలేదు. అడగాల్సింది.