అంజయ్య ఎంగిలి పట్టింపు

మా మరిది అంజయ్యంత ఎంగిలి పట్టింపు ఉన్న మనిషి కట్టంగూర్ మొత్తంలో లేడు. చెంబు ఎత్తి గొంతులో పోసుకుంటాడు గాని పెదవికి ఆనించడు. పెండ్లి బంతిలో పక్కవాడి చేయి తన విస్తరి మీదుగా పోయిందంటే లేచిపోతాడు. “నువ్వు మఠంల పుట్టాల్సినోనివి మరిదీ” అనేదాన్ని. వదినను, ఆ మాత్రం అనే హక్కు నాకుంది.

బోర్లు ఎండి బత్తాయి తోట మాడిపోయిన ఏడు, ఒమాన్‌లో ఖర్జూరం తోట పనికి పోయాడు.

అక్కడ జొన్నరొట్టె లేదు, పచ్చిపులుసు లేదు. అవి లేకున్నా మనిషి బతుకుతాడు. అసలు చిక్కు వేరే. మధ్యాహ్నం పెద్ద పళ్లెం నిండా అన్నం, మీద మాంసం పెట్టి చాప నడుమ దించుతారు. తోట యజమాని హమూద్ ముసలాయన, ఆయన కొడుకులు, పనివాళ్లు అందరూ చుట్టూ కూర్చుని అందులోంచే తినాలి. వేరే కంచం అడిగితే వాళ్లను చిన్నచూపు చూసినట్టు.

మొదటిరోజు అంజయ్య కడుపునొప్పి అన్నాడు. తర్వాత సోమవారం ఒక్కపొద్దన్నాడు, శనివారం ఒక్కపొద్దన్నాడు. దేవుళ్లు అయిపోయారు గాని పళ్లెం రావడం ఆగలేదు. ఆకలి రుచి ఎరగదంటారు. మా మరిది ఆకలికి ఎంగిలి మాత్రం బాగా ఎరుకే. చాటుగా రొట్టెముక్క చాయిలో ముంచుకు తిని పనిచేసేవాడు. ఒకనాడు ఎండకు చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

హమూద్ వచ్చి నీళ్లు తాగించి, తనకొచ్చిన ఉర్దూలో అడిగాడు: “నాతో కలిసి తిననివాడు నా తోటలో ఎలా ఉంటాడు? ఇంటికి పోతావా?”

ఇంటికి పోతే ఎండిన తోట. ఆ మధ్యాహ్నం అంజయ్య పళ్లెం ముందు కూర్చున్నాడు. ముసలాయన తన ముందున్న మెత్తటి ముక్కను తుంచి ఇతని వైపు జరిపాడు.

“కండ్లు మూసుకొని మింగిన వదినె” అని నాకు ఫోన్లో చెప్పాడు. పోను పోను అలవాటైంది. ఆ ముసలాయన ముక్క జరపని రోజు అన్నం సయించేది కాదట.

మొన్న సెలవుకు వస్తూ అలాంటి పళ్లెమే తెచ్చాడు. అంజయ్య భార్య, మా తోటికోడలు గుర్వమ్మ కోడికూర వండి, జొన్నరొట్టెలు చేసింది. అంజయ్య అన్నీ ఆ పళ్లెంలోనే పెట్టించి, నన్నూ మా ఆయననూ చుట్టూ కూర్చోబెట్టాడు.

“అలవాటు పడేటాలకు పానం మీదికొచ్చింది. ఒకల ఎంగిలి ఒకలు తినుడంటె మాటలా? మనోళ్లకు ఎవలకు చేతగాదు” అన్నాడు గొప్పగా.

గుర్వమ్మ రొట్టె వేస్తూ తలెత్తకుండానే అంది: “పెండ్లయిన కాడికెల్లి నువ్వు తిని లేసిన కంచంలనే తింటున్న. నాకు చేతనైతదా అని ఎవలన్న అడిగిండ్రా?”

నేనూ అలా తిన్నదాన్నే. అంజయ్య చేతిలోని ముద్ద పక్కన పెట్టి, మెత్తటి ముక్క ఒకటి తుంచి, పళ్లెంలో ఖాళీగా ఉన్న వైపుకు జరిపాడు.

“కూసో” అన్నాడు.

గుర్వమ్మ కొంగుతో చేయి తుడుచుకుని కూర్చుంది. మొదటి ముద్ద మాత్రం ఎంతకూ మింగలేకపోయింది. మొగుడి ఎదురుగా కూర్చుని తినడం ఆమెకు అలవాటు లేదు.