గురువారం బస్సు

బాన్సువాడలోని మా నర్సింగ్ కాలేజీలో బడ్జెట్ మీటింగుకు విద్యార్థుల తరఫున ఒకరు కూర్చోవాలి. దానికి ఎన్నిక ఉండదు. రోల్ నంబర్లలో మొదటిది ఎవరిదైతే వాళ్లే. అలా నా వంతు వచ్చింది. వెనక కుర్చీలో కూర్చుని, టీ తాగి, సంతకం పెట్టి రావడమే పని అని ఒక సీనియర్ చెప్పింది. నాకూ అదే నయమనిపించింది. నలుగురిలో నోరు తెరవడం నాకు అలవాటు లేదు.

గ్రామ పోస్టింగ్ పద్దు దగ్గర ఛైర్మన్ సార్ ఆగారు. ప్రతి గురువారం వర్ని వైపు ఒక తండాకు వెళ్లి, ఒక్కొక్కరం ఒక్కో కుటుంబం ఆరోగ్యం చూసుకోవడం మా చదువులో భాగం. ఏడాదిగా దాని కింద ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదట. ఆ డబ్బును మా కాలేజీ దవాఖాన ఊళ్లలో పెట్టే క్యాంపులకు మార్చి, పోస్టింగ్ పాఠాలు క్లాసులో చార్టులతో చెప్పిస్తే సరిపోతుందన్నారు.

ఎందుకు ఖర్చు కాలేదో నాకు తెలుసు. గురువారాల్లో కాలేజీ బస్సు క్యాంపు పేషెంట్లను తేవడానికి పోయేది. మేము మా టీచర్‌తో షేర్ ఆటోల్లో, సొంత డబ్బుతో వెళ్లేవాళ్లం. బస్సు కోసం గొడవపడడం కన్నా అదే మర్యాద అనుకున్నాం.

మీటింగు రోజు ఆ టీచర్ సెలవు. తండాలో నేను చూసే ఇంట్లో ఒక అక్క తొలిసారి గర్భంతో ఉంది. కాళ్ల వాపు నాకు తప్ప ఎవరికీ చూపించలేదు. నేను టీచర్‌కు చెప్పాను. దవాఖానకు రమ్మని ఇద్దరం ఎంత చెప్పినా, వచ్చే గురువారం చూద్దామంది. ఆ గురువారమే ఇక లేకుండా పోతోంది.

"సార్," అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు. "బస్సు దొరకక మేం ఆటోల్ల పోతున్నం."

దవాఖాన మేనేజర్ నవ్వాడు. "క్యాంపుల నుంచి పేషెంట్లు రాకపోతే మీరు ఎవరి మీద నేర్చుకుంటరు బిడ్డా?"

అది అబద్ధం కాదు. వార్డులు ఖాళీగా ఉన్న వారాల్లో మేము ఉత్త మంచాలు సర్దుతూ గడిపిన రోజులున్నాయి. అయినా నా గొంతు ఆగలేదు.

"చార్టుకు కాళ్లు వాయవు సార్."

చివరికి ఛైర్మన్ సార్ తేల్చారు. "పోస్టింగ్ ఉండనీ. గురువారం బస్సు వీళ్లదే. పోయేటప్పుడు పిల్లలు, వచ్చేటప్పుడు పేషెంట్లు. ఖాళీగ మాత్రం రావద్దు."

తర్వాతి గురువారం దవాఖాన బ్యానర్ కట్టుకున్న బస్సు తండా ముందు ఆగింది. డ్రైవర్ దిగి, బస్సు ఖాళీగా పోవద్దన్నారని అందరికీ వినిపించేలా చెప్పాడు. ఎప్పుడూ గడప దాకా ఎదురొచ్చే అక్క తలుపు వెనకే నిలబడింది.

"గా బస్సు నిండాల్నంట గదా. నా కోసం వచ్చినవా, దాని కోసం వచ్చినవా?"

"నీ కోసమే అక్కా," అని ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టాను. బీపీ పోయిన వారం కన్నా ఎక్కువ చూపించింది. ఆమె ఈ రోజే దవాఖానకు రావాలి. ఆ మాట బస్సు నింపడానికి అన్నట్టు ఉంటుందని భయమేసింది. చెప్పకపోతే ఇంకా భయం.

"అక్కా, ఇయ్యాల్నే పోదాం. నీ పక్కన నేను కూసుంట."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత చెప్పులు వేసుకుంది. బస్సులో కిటికీ సీటు ఆమెకిచ్చి, పక్కన నేను కూర్చున్నాను.