ఆ రేవు అడ్రసు

చూపు మందగించాక మా అక్కకి కాగితం మీది అక్షరాలు చీమల బారైపోయాయి. ట్యాబ్‌లో వేలితో సాగదీసి పెద్దవి చేసుకుంటే తప్ప చదవలేదు. ఆమె ప్రాణమంతా ఒక డిటెక్టివ్ నవలల వరస మీద ఉండేది. రెండు భాగాలు అయిపోయాయి. మూడోది కొందామని చూస్తే మన దేశంలో ఈబుక్ ధర గుండె గుభేలుమనేలా ఉంది. సముద్రం అవతలి దేశంలో మాత్రం అదే పుస్తకం పావు వంతుకే!

అక్షరాలకి ఓడ కిరాయి ఉండదు కదా, మరి ఈ తేడా ఎందుకు? ధర సంగతి అటుంచి, నాకు ఆ కారణం తెలుసుకోవాలని ఒకటే దురద. మల్కాపురంలో అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు బావని కదిపాను. ఆయన ఓడల మీద పనిచేసి రిటైరైన మనిషి.

"అందులో ఏటుంది? వీపీఎన్ పెట్టి, ఆ దేశంలో ఉన్నట్టు సూపించీ. అడ్రసు నానిత్తాను" అన్నాడు.

ఆయన ఓడ తరచూ ఆగిన అక్కడి రేవులో ఓడ పనివాళ్ళ క్లబ్బు ఉంది. దాని అడ్రసు ఆయనకి ఇప్పటికీ నోటికొచ్చు. అదే పెట్టి కొన్నాను. డబ్బు నిజం, ఊరొక్కటే అబద్ధం.

అక్క ఊరుకుంటుందా? "ఇంత సవగ్గా ఎలాగొచ్చిందిరా?" అని నిలదీసింది. చెప్పక తప్పలేదు.

బావ అడ్డుపడ్డాడు. "హార్బర్లో సేపలు సవక. ఊళ్ళోకి, సీతమ్మధార కొచ్చేసరికి డబల్. హార్బరుకెళ్లి కొంతే దొంగతనమా ఏటి?"

"హార్బరుకెళ్లి కొంతాం. ఎళ్లినట్టు నటించి కొనం" అంది అక్క.

నేను వదల్లేదు. "మరి మనకి నాలుగింతలు పెట్టడం న్యాయమా అక్కా?"

"కాదు. ఆళ్లది అన్యాయమైతే నీది న్యాయమైపోద్దా? ఆ రాసినావిడికి ఏటి ముడతాది?"

"ఆ దేశం లెక్కన, కొంచెం."

"ఆ దేశం లెక్కన ఆవిడికి ఆకలి కూడా కొంచమే ఏత్తాదా?"

అక్క ట్యాబ్ పక్కకి తోసేసింది గానీ చూపంతా దాని మీదే. ఆమెని చూస్తే నాకు జాలేసింది. పోనీ, దీన్ని వాపసిచ్చి మన ధరకే కొందామని రసీదు తెరిచాను. అక్షరాలు పెద్దవి చేసి ఉన్నాయేమో, క్లబ్బు అడ్రసు తెరంతా పరుచుకుంది.

అక్క వంగి చూసింది. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివి, బావ వైపు తిరిగింది. ఆయన గోడకేసి చూస్తున్నాడు.

పెళ్ళైన కొత్తలో ఆయన ఓడ మీదుంటే అక్క ఉత్తరాలన్నీ రాసింది ఆ అడ్రసుకే. ఆ మహానుభావుడు ఒక్కదానికీ జవాబు రాసిన పాపాన పోలేదు.

అక్క ట్యాబ్ మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

"నాలుగోది మన ధరకే కొను. ఇది మాత్రం వాపసివ్వకు" అంది నాతో. "అక్కడి నుంచి నాకు రాక రాక ఇదొక్కటే వొచ్చింది."