మోకాలికి తూకం గుండు

కామాఠీపురా పక్కన ఫోరస్ రోడ్డు మీద పెద్దయ్య సైకిల్ దుకాణానికి బోర్డు లేదు. గోడకు మేకు కొట్టి తగిలించిన ఇనుప తూకం గుండే దానికి గుర్తు. గోడ నిటారుగా లేచిందో లేదో చూసుకోవడానికి మేస్త్రీలు దారం కట్టి వదిలే గుండు అది. సైకిల్ దుకాణంలో దీనికేం పని అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే ఆ పూట వాళ్ళ పని సాగదు. పెద్దయ్య చేతిలో పానా కింద పెట్టి, తాత పాలమూరు నుంచి ఎలా వచ్చాడో, ఈ ఊళ్ళో ఎన్ని గోడలు లేపాడో, ఏ ఒక్కటీ ఎందుకు వంగలేదో చెప్పడం మొదలుపెడతాడు. గోడలు కట్టే పని తండ్రితోనే ఆగిపోయింది. గుండు మాత్రం రిటైరవలేదు. ఫోర్కు వంకర పోయిందా, చక్రం పక్కకు ఒరిగిందా, సీటు గొట్టం తిన్నగా ఉందా, అన్నిటికీ పెద్దయ్య దాన్నే వేలాడదీసి చూస్తాడు.

"మనిషి అబద్ధమాడ్తడు. గుండు ఆడదు," అనేది ఆయన మాట. రోజుకు పదిసార్లైనా అంటాడు.

యాభై ఏడేళ్ళ మనిషి. బేకరీ నుంచి పావ్ మోసేవాళ్ళు, పాలు పోసేవాళ్ళు, గ్యాస్ సిలిండర్లు వేలాడదీసుకుని తిరిగేవాళ్ళు, వీళ్ళంతా ఆయన గిరాకీ. మంచి పనిమంతుడు. ఆ సంగతి అందరికంటే ఆయనకే ఎక్కువ తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. "తప్పైంది" అన్న మాట ఆయన నోట విన్నవాళ్ళు కామాఠీపురా గల్లీలన్నీ వెతికినా దొరకరు.

జనవరి చివర్లో ఒక ఆదివారం పొద్దున, ఆయన ఒంటిగదిలో కాపురముండే పదకొండో గల్లీ చాల్ ముందు టాక్సీ ఆగింది. దాని నెత్తి మీద మనిషంత అట్టపెట్టె. టాక్సీలోంచి మేనకోడలు రుతుజ దిగింది. పెద్దయ్య చెల్లెలి కూతురు. ఇరవై ఆరేళ్ళు. ఒక క్లబ్బు కొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. రెండేళ్ళుగా ఆమెకు ట్రయాథ్లాన్ పిచ్చి పట్టుకుంది. ముందు సముద్రంలో ఈదాలి, తడిబట్టలతోనే సైకిలెక్కి తొక్కాలి, సైకిలు దిగీ దిగగానే పరుగెత్తాలి. మధ్యలో ఆగేది లేదు. ఇన్నాళ్ళూ అడిగి తెచ్చుకున్న సైకిళ్ళ మీదే లాగించింది. ఈసారి క్లబ్బువాళ్ళు ఈ రేసుల కోసమే చేసిన కొత్త సైకిలొకటి తెప్పించారు. కోచ్ హితేష్ షరతు కూడా పెట్టాడు. మూడు వారాల్లో జరిగే రేసులో ఆడవాళ్ళలో మొదటి ముగ్గురిలో వస్తే ఏడాదంతా ఆ సైకిలు రుతుజది. రాకపోతే వరసలో ఉన్న ఇంకో అమ్మాయిది.

సైకిలు బిగించడానికి హితేష్ ఎవరో పేరున్న ఫిట్టర్ ఉన్నాడని చెప్పాడు. రుతుజ సరేనని తలూపి, పెట్టెను తిన్నగా మేనమామ దగ్గరికి తెచ్చింది. ఆరేళ్ళప్పుడు తనను మొదటిసారి సైకిలెక్కించి, వెనక సీటు పట్టుకుని ఈ గల్లీలోనే పరుగెత్తినవాడు ఆయన.

పెట్టె విప్పేసరికి గదుల ముందు గ్యాలరీ నిండా జనం. లోపలి సరుకులాంటిది పెద్దయ్య ఎన్నడూ చూడలేదు గానీ ఆ సంగతి మొహంలో కనపడనివ్వలేదు. సైకిలంతా కత్తి మందాన ఉంది. హ్యాండిల్ మధ్యలోంచి రెండు కొమ్ములు ముందుకు పొడుచుకొచ్చాయి. వాటి వెనక మోచేతులు ఆనించడానికి రెండు మెత్తలు. ఆయన తల్లి రాజవ్వ వచ్చి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద రెండు నిమ్మకాయలు ఉంచింది. ఎనభైకి దగ్గరపడ్డ ముసలమ్మ. నూనె దీపంతో బ్రేకుల వైపు వస్తుంటే పెద్దయ్య అడ్డం నిలబడ్డాడు.

"అవ్వా, బ్రేకులకు నూనె తగిల్తె పిల్ల రేసుల ఆగది, డైరెక్ట్ సముద్రంల ఆగుతది."

"నీ నోట్లె మన్ను. శుభమా అని పూజ చేస్తుంటె," అని రాజవ్వ దీపం పక్కన పెట్టింది.

క్లబ్బువాళ్ళిచ్చిన స్టాండులో వెనక చక్రం బిగించి, కదలకుండా తొక్కేలా చేశాడు. రుతుజ ఎక్కి కూచుంది. సీటు ఎత్తు ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మడమ పెడల్ మీద పెట్టించి, పెడల్ అడుగుకు పోయినప్పుడు కాలు సరిగ్గా చాచుకునేంత ఎత్తులో సీటు నిలిపాడు. అంతవరకూ బాగానే ఉంది. తరవాత పెడల్‌ను ముందుకు అడ్డంగా పెట్టించి, మేకుకున్న గుండు తెచ్చి, మోకాలి చిప్ప ముందు నుంచి దారం వదిలాడు. అది పెడల్ ఇరుసు మీద పడాలి. ఆయన చూసిన సైకిళ్ళన్నిటికీ అక్కడే పడింది. ఇప్పుడు నాలుగు వేళ్ళు ముందుకు పడింది.

"సీటు ముందుకున్నది. ఎనకకు జరపాలె," అన్నాడు.

రుతుజ పెట్టెలో వచ్చిన పుస్తకం తిప్పింది. "నకో, వద్దు మామ. ఈ సైకిల్‌కి గట్లనే ఉంటదట. మోకాలు ముందుకే రావాలె అని రాసిండ్రు."

"రాసినోడు తొక్కిండా? నాలుగు వేళ్ళు ముందుకు వంగిన గోడ ఎన్నొద్దులు నిలబడ్తది చెప్పు?"

"గోడ కాదు కదా మామ."

"గుండుకు గోడ ఒకటి, సైకిల్ ఒకటా? బరాబర్ అంటె బరాబరే."

గ్యాలరీలో అందరూ చూస్తున్నారు. రుతుజ పుస్తకం మూసేసింది. పెద్దయ్య సీటును దాని కింది పట్టాలమీద వెనక్కి జరిపి, గుండు ఇరుసు మీద పడేదాకా చూసి, బోల్టు బిగించి, తృప్తిగా చేతులు తుడుచుకున్నాడు.

రెండు వారాలు రుతుజ తొక్కింది. ఎట్లుందని అడిగినప్పుడల్లా "మస్తుంది మామ" అంది. రేసుకు వారం ముందు ఆదివారం, తెల్లవారగానే వర్లి సముద్రపు గట్టు మీద చివరి సాధన. రెండు గంటలు తొక్కి, దిగి, అర్ధగంట పరుగెత్తాలి. పెద్దయ్య తన నల్ల సైకిలు మీద నీళ్ళ సీసా పెట్టుకుని వెళ్ళి గట్టు మీద కూచున్నాడు.

తొక్కడం బాగానే తొక్కింది. తంటా దిగినప్పుడు వచ్చింది. సైకిలు గోడకానించి పరుగు మొదలుపెట్టబోయి నడుం పట్టుకుంది. ఒళ్ళు నిటారుగా లేవలేదు. వంగిన మనిషి వంగినట్టే పది అడుగులు ఈడ్చుకుంటూ వెళ్ళింది. తొడలు మొద్దుబారినట్టు అడుగులు పడ్డాయి. పెద్దయ్య చూస్తూ లేచి నిలబడ్డాడు. సిలిండర్లు మోసి మోసి నడుం పోయినవాళ్ళు తన దుకాణం ముందు అలా దిగడం ఆయన వందసార్లు చూశాడు.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు మామ. నీళ్ళు తక్కువ తాగిన."

"నడుం పట్టిందా?"

"అరే, రాత్రి నిద్ర సరిగ లేదు, గంతే. సైకిల్ ఏక్‌దమ్ బరాబర్ ఉన్నది."

ఆయన అడగకుండానే సైకిలు బరాబర్ ఉందని చెప్పింది. అక్కడే పెద్దయ్యకు దొరికిపోయింది. పిల్ల అబద్ధమాడుతోంది. రెండు వారాలుగా ఆడుతోంది. ఈ నడుంతోనే రేసుకు పోతుంది, ఈ నడుంతోనే ఓడిపోతుంది, సైకిలు తిరిగిచ్చేస్తుంది గానీ మామ బిగించింది తప్పని ఒక్కమాట అనదు. తేలు కుట్టిన దొంగలా ఆయన నోరు మూసుకుని ఇంటిదాకా వచ్చాడు. సిగ్గేసింది. అంతకంటే భయమేసింది. ఎందుకంటే తప్పెక్కడుందో ఆయనకు ఇంకా తెలియదు. గుండు సరిగ్గానే పడింది కదా!

మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని కెలుకుతుంటే రాజవ్వ అడిగింది. దాచేది ఏముందని మొత్తం చెప్పాడు. ముసలమ్మ విని, ఆ సైకిలు మీద పిల్ల ఎట్లా కూచుంటుందో చేసి చూపించమంది. పెద్దయ్య పీట మీద కూచుని, మోచేతులు ముందుకు పెట్టి వంగాడు.

రాజవ్వ కాసేపు చూసింది. పెళ్ళయిన ఏడాది నుంచి ఇరవై ఏళ్ళు ఈ నగరంలో కట్టే మేడలకు సిమెంటు తట్టలు మోసిన మనిషి ఆమె.

"మీ అయ్య గోడ కడ్తుండె. గుండు పట్టుకొని నిటారుగ ఉన్నదా అని సూస్తుండె. నేను తట్ట ఎత్తుకొని వాలుచెక్క ఎక్కుతుంటి. నేను నిటారుగ ఉంటె ఏమైతుండె?"

"ఎనకకు పడ్తుంటివి."

"మరి? ఎక్కేటోళ్ళు ముందుకు ఒరుగుతరు. నడుం కాడ ఇరగరు. కాలి మడిమె కాడికెళ్ళి నెత్తిదాంక మొత్తం ఒరుగుతరు. నడుం కాడ వంగినోళ్ళు రెండో అంతస్తు సూడలె." కంచం వైపు చెయ్యి చూపించింది. "గోడ నిలబడాలె కొడుకా. పిల్ల ఉరకాలె. రెండిటికి ఒకటే గుండు పెట్టినవ్. అన్నం తిను."

పెద్దయ్య ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. మోచేతులు అంత ముందుకు పెట్టి, సీటు వెనక్కి లాగితే మనిషి ఎక్కడ మడత పడాలి? నడుం దగ్గరే. తొడ వచ్చి పొట్టకు తగలాల్సిందే. అదే మనిషిని సీటుతో సహా మొత్తంగా ముందుకు ఒరిగిస్తే? నడుం విచ్చుకుంటుంది. మోకాలు తనంతట తానే ముందుకు వస్తుంది. నాలుగు వేళ్ళు. ఆ పుస్తకంలో రాసినవాడు తొక్కే ఉంటాడు.

అన్నం సగంలో లేచి, చెయ్యి కడుక్కుని, రుతుజ ఈత నేర్పే కొలను దగ్గరికి వెళ్ళాడు. బ్యాచి అయ్యేదాకా గేటు బయట నిలబడ్డాడు. ఆమె తడి జుట్టుతో బయటికొచ్చి, మామను చూసి కంగారుపడింది.

"అమ్మమ్మకు ఏమన్న అయిందా?"

"అవ్వ మంచిగనే ఉన్నది. నేనే..." అని ఆగాడు. ఆ మాట పలకడం అలవాటు లేని నోరు. "తప్పైంది బిడ్డా. సీటు నేను తప్పు పెట్టిన."

రుతుజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వింది కూడా.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"చెప్పిన కదా మామ, మొదటి రోజే. నువ్వు ఇనలే. రెండోసారి చెప్తె నీకు బాధైతదని..." అని ఆపేసింది. తరవాత నెమ్మదిగా అంది. "దుకాణంల ఎవరు చెప్పినా నువ్వు ఇనవ్. అందుకే అందరూ బరాబర్ ఉన్నదనే చెప్పి పోతరు."

ఆ మాట పెద్దయ్యకు చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. ముప్పై ఏళ్ళుగా ఒక్క సైకిలూ తిరిగి రాలేదని మురిసిపోయాడు. వాటిలో ఎన్ని బాగుండి రాలేదో, ఎన్ని తన నోటికి జడిసి ఇంకో దుకాణానికి పోయాయో ఇప్పుడెవరు చెప్పగలరు?

ఆ సాయంత్రం గ్యాలరీలో మళ్ళీ స్టాండు బిగించారు. ఈసారి పుస్తకం రుతుజ చదివింది, పెద్దయ్య విన్నాడు. సీటు ముందుకు జరిపాడు. ముందుకు జరిగితే పెడల్ దగ్గరవుతుంది కాబట్టి మడమ పెట్టించి చూసి, వేలెడు పైకి లేపాడు. ఒక్కో మార్పు తరవాతా పది నిమిషాలు తొక్కించి, దించి, గ్యాలరీ ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తించాడు. ఆరబెట్టిన బట్టల కింద వంగుతూ, నీళ్ళ డ్రమ్ములు తప్పించుకుంటూ ఆమె ఉరుకుతుంటే పక్క గదులవాళ్ళు తలుపులు తీసి చూశారు.

"ఎట్లున్నది? నిజం చెప్పు."

"నడుం వదిలింది. భుజాలు గుంజుతున్నయ్."

అప్పుడు గుండు తీశాడు. రుతుజ అనుమానంగా చూసింది. ఆయన దాన్ని మోకాలి దగ్గరికి తీసుకుపోలేదు. భుజం దగ్గర పట్టి వదిలాడు. దారం మోచేతికి చాలా వెనక పడింది. మెత్తలను వెనక్కి జరిపి, దారం మోచేతి వెనక అంచును రాసుకునేలా చేశాడు. ఇప్పుడు ఒంటి బరువు మోసేది కండ కాదు, ఎముక. నిలబడాల్సింది ఈ సైకిలు మొత్తంలో ఆ చెయ్యి ఒక్కటే.

"ఇప్పుడు?"

రుతుజ కళ్ళు మూసుకుని తొక్కింది. "ఇప్పుడు గుంజుత లేవు."

రేసు రోజు పెద్దయ్య సైకిళ్ళు నిలబెట్టే చోట తాడు బయట నిలబడ్డాడు. ఈత ఎంతలో అయిందో, సైకిలు ఎంతలో అయిందో ఆయన లెక్కపెట్టుకోలేదు. ఆయనకు కావలసింది ఒకటే. రుతుజ ఆడవాళ్ళలో ఏడో మనిషిగా వచ్చి సైకిలు దిగింది. చెప్పుల్లేని కాళ్ళతో సైకిలు తోసుకుంటూ వచ్చి తగిలించి, బూట్లు తొడుక్కుంది. లేచింది. ఆమె నిటారుగా లేచి, మొదటి అడుగు నుంచే పరుగెత్తింది. పెద్దయ్య తాడు పట్టుకుని, ముక్కూ మొహం తెలియని పక్కవాళ్ళ ముందు చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

పరుగులో నలుగురిని దాటి ఆమె మూడో మనిషిగా వచ్చింది. నాలుగో అమ్మాయి ఇరవై అడుగుల వెనక ఉంది. హితేష్ వచ్చి, ఏడాదంతా సైకిలు ఇక నీదేనని చెప్పి, ఫిట్టింగ్ ఎవరు చేశారని అడిగాడు. రుతుజ మామను చూపించింది. పెద్దయ్య నమస్కారం పెట్టి, "మొదలు తప్పు జేసిన సార్, తర్వాత సరి జేసిన," అన్నాడు. హితేష్‌కు అర్థం కాలేదు గానీ నవ్వి చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

రుతుజ ఇసకలో చతికిలబడి నీళ్ళు తాగుతోంది. మెడలో పతకం. ఒళ్ళంతా ఉప్పు. మామ వచ్చి పక్కన కూచున్నాడు.

"మామ, ఒకటి చెప్పనా?"

"చెప్పు."

"ఎడమ మోచెయ్యి మెత్త జర బయటికి ఉన్నది. సగం రేసు నుంచి గుచ్చుతున్నది."

పెద్దయ్య ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. మూడో స్థానం వచ్చినప్పుడు కూడా ఆయన మొహం అంత వెలగలేదు. జేబులోంచి బోల్టులు తిప్పే అలెన్ కీ తీసి లేచాడు.

"ఎంత జరపాలె?"

"ఒక్క వేలు."

"నువ్వొచ్చి చూపియ్యి," అన్నాడు పెద్దయ్య.