సోములమ్మ తోటలో సోలార్ ప్లేట్లు

డుంబ్రిగుడకు అవతల కొండ మీదున్న పదహారు గడపల ఊళ్లో సోములమ్మకు ఎకరం కాఫీతోట ఉంది. తోట అడుగున ఊట. ఆ నీళ్లు ఊళ్లోకి ఎక్కించడానికి సర్కారు వాళ్లు సోలార్ మోటారు పెడతామంటే, అడిగిన వెంటనే స్థలం ఇచ్చింది. ముప్పై ఏళ్లుగా బిందెలతో ఆ ఎత్తు ఎక్కుతున్న మనిషి మరి.

ప్లేట్లు బిగించారు. మోటారు మాత్రం మిట్టమధ్యాహ్నం పావుగంట మూలిగి ఆగిపోయేది. ఎందుకో తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. ప్లేట్లు నిలబెట్టింది సిల్వర్ ఓక్ చెట్ల నీడలో!

ఫోన్లు చేయగా చేయగా నాలుగు నెలలకు సైటు ఇంజనీరు రవికుమార్ వచ్చి, తలెత్తి చూశాడు.

"ఎండ చాలడం లేదమ్మా. ఈ ఆరు చెట్లూ కొట్టించెయ్యండి."

"కాఫీకి నీడ కావాలని ఆ సెట్లు నాటించింది మీ ఆఫీసరోలే కదా బాబూ! నరికేత్తే కాఫీ మాడిపోద్ది, మిరియం పాదులూ పోతాయి. అదిగో, సోళ్లు ఆరబోసుకునే బండ. దాని మీద పొద్దల్లా ఎండే. ప్లేట్లట్టుకెళ్లి ఆడ పెట్టండి."

"కుదరదమ్మా. ఆఫీసుకు పంపిన ఫోటోలో లొకేషన్ ఇదే పడింది."

"మీ లొకేషను సూర్యుడికేటి తెలుస్తాది బాబూ?"

చెట్లు కొట్టాక కబురు చేయమని చెప్పి అతను వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నీళ్లకు దిగినప్పుడు సోములమ్మ ప్లేట్ల వైపు చూడను కూడా లేదు. చూస్తే ఒళ్లు మండుతుంది.

పక్కింటి బేబి తమ్ముడు భాస్కర్ అరకులో కరెంటు పని చేస్తాడు. సోములమ్మ అతన్ని పిలిపించింది. ఊరంతా కలిసి ప్లేట్లు ఊడదీసి, భుజాల మీద బండ పైకి చేర్చారు. తక్కువపడిన తీగ భాస్కరే తెచ్చి కలిపాడు. మర్నాడు పొద్దున్న తొమ్మిదికల్లా కుళాయిలో నీళ్లొచ్చాయి.

తరువాతి నెల రవికుమార్ తనిఖీకి వచ్చాడు. తోటలో ఖాళీ కమ్మీలు చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ప్లేట్లు ఇక్కడ లేవు కాబట్టి మోటారు పనిచెయ్యడం లేదని రాయాలమ్మా."

"నీళ్లు పడతన్న సప్పుడు ఇనబడతన్నాది కదా?"

"వినబడుతోంది. కానీ అది రాయడానికి ఫారంలో చోటు లేదు."

సోములమ్మకు ఇక ఓపిక లేకపోయింది. "ఏటి రాసుకుంటావో రాసుకో బాబూ. ముందు బేగెల్లి ఆ కుళాయి కట్టు, నీళ్లు పోతన్నాయి!"

రవికుమార్ వెళ్లి కట్టేశాడు. రెండు దోసిళ్లు తాగి మరీ కట్టాడు. ఆఫీసు కాగితాల్లో ఆ మోటారు ఇప్పటికీ పనిచెయ్యడం లేదు.