నీలం మూత యూరియా

ఆత్మకూరులో మాల్యాద్రిది ముప్ఫై ఏళ్ళ మెకానిక్కు షెడ్డు. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకూ రెండో కొస చెవికీ ఆనించి, రోగం ఇదీ అని చెప్పేసేవాడు. ఆ చెవి మీద ఎంత నమ్మకమంటే, కొత్త రకం లారీలు వచ్చాక కూడా వాటి సంగతి ఎవర్నీ అడగలేదు. తెలియదనడం అతనికి చేతకాదు మరి.

ఆ లారీలకు డీజిలు ట్యాంకు పక్కనే తాళం వేసే నీలం మూతతో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసే ద్రవం పొగలోని విషవాయువును విరిచేస్తుంది. డ్రైవర్లందరూ దాన్ని యూరియా అంటారు. అది నిండుకుంటే బండి మొరాయిస్తుంది. ఉదయగిరి జనార్దనయ్య ఇల్లు గడిచేది ఒక్క లారీ మీద. ఒకరోజు ఆ ద్రవం డబ్బా ఎక్కడా దొరక్క మాల్యాద్రికి ఫోన్ చేశాడు.

"యూరియానే గదన్నా! చేలో చల్లేది ఇంట్లో ఉండాదిగా. నీళ్ళల్లో కలిపి పొయ్యి," అన్నాడు మాల్యాద్రి.

బస్తాలోది బోరు నీళ్ళలో కలిపి పోశాడా పెద్దమనిషి. వారం తిరక్కుండా నిమ్మకాయల లోడుతో లారీ అనంతసాగరం దగ్గర చతికిలపడింది. మాల్యాద్రి వెళ్ళి పొగగొట్టం ఊడదీస్తే లోపలంతా ఆ యూరియా తెల్లగా పెచ్చు కట్టి ఉంది. డీజిలు మంచిది కాదని తప్పించుకోవచ్చు. కానీ అతను ఆ గొట్టాన్ని జనార్దనయ్యకే చూపించాడు.

"నాకు తెలీదన్నా. తెలీకుండానే చెప్పినాను. తప్పు నాదే."

"ఇంక నీ దగ్గరికి రాను. నెల్లూరికే తీసకపోతా," అన్నాడు జనార్దనయ్య.

ఆ మాట ఊరంతా తిరిగింది. కొత్త లారీలు షెడ్డు ముందు ఆగడం మానేశాయి. పాతవి ఎన్నాళ్ళుంటాయి? మాల్యాద్రి షెడ్డుకు తాళం వేసి, నెల్లూరులో కొత్త ఇంజన్ల పని నేర్పేచోట చేరాడు. రోజూ మొదటి బస్సు. తన బిడ్డల ఈడు వాళ్ళతో ముందు బెంచీలో కూర్చుని, అర్థంకానిది సిగ్గుపడకుండా అడిగాడు. ఇన్నేళ్ళూ తాను పీల్చిన పొగలో ఏముందో కూడా అక్కడే తెలిసింది.

రెండు నెలలకు తిరిగొచ్చి, షెడ్డు ముందు ఎర్రటి అక్షరాలతో బోర్డు రాయించాడు: "చేలో యూరియా బండిలో పోయకండి. ఒకసారి నేను పోయించి లారీ చెడగొట్టాను. మాల్యాద్రి."

ఊళ్ళో నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాడు.

ఒక ఉదయం జనార్దనయ్య లారీ వచ్చి ఆగింది. బోర్డు రెండుసార్లు చదివాడు.

"నీ తప్పు నువ్వే బోర్డు కట్టుకున్నావేందిరా?"

"ఇంకోడు చెయ్యకుండా ఉండాలంటే నేనే గదన్నా చెప్పాల."

జనార్దనయ్య నీలం మూత తాళంచెవి తీసి మాల్యాద్రి చేతిలో పెట్టాడు.